దీవెనమ్మ ఆంటీ, మౌనం మీద ఎమ్మెస్సీ

దీవెనమ్మ ఆంటీ చదువు మొదలుపెట్టాక అందరికంటే ముందు ఇబ్బందిపడింది ఇమ్మానియేలు అంకుల్. ఆయన అల్ సువైక్‌లో బండ్ల స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తాడు. వారమంతా అక్కడే రూమ్‌లో ఉండి, గురువారం సాయంత్రానికి మబేలాలో ఇంటికి వస్తాడు. అలా వచ్చిన ఒక గురువారం, భోజనం చేసి, ప్లేటు సింకులో పడేసి టీవీ ముందు కూర్చోబోతుంటే, ఆంటీ పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది:

"దీన్నే సోషల్ లోఫింగ్ అంటారు."

అంకుల్ కూర్చోకుండా ఆగిపోయాడు. "ఏమంటారూ?"

"సోషల్ లోఫింగండీ. నలుగురూ కలిసి చెయ్యాల్సిన పనిలో ఎవరో ఒకళ్ళు..."

"లోఫర్ అంటావా నన్ను? పరాయి పిల్ల ముందు?"

ఆ పరాయి పిల్లని నేనే. మేం వాళ్ళ పై అంతస్తులో ఉంటాం. ఎమ్మే తెలుగు పూర్తిచేసి నాన్న దగ్గరికి వచ్చి, ఇక్కడ ఏం చెయ్యాలో తెలియక, ఎవరింట్లో పుస్తకం కనిపిస్తే వాళ్ళింట్లో కూర్చుంటున్నాను.

"లోఫర్ కాదండీ, అది శాస్త్రం!" అంది ఆంటీ.

"శాస్త్రంలో ఉంటే మటుకు తిట్టు తిట్టు కాకుండా పోద్దా? కల్లీ వల్లీ, నీ చదువూ నువ్వూ!" అని అంకుల్ టీవీ సౌండు పెంచాడు. గల్ఫులో ఎవరినైనా, దేన్నైనా వదిలేయడానికి ఆ అరబ్బీ మాట ఒక్కటి చాలు.

ఆంటీది నరసాపురం. నర్సింగు చదివి వచ్చింది మొదలు ఇక్కడే ఉంది. మబేలాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ స్టాఫ్ నర్సు. ఆ ఆసుపత్రిలో కొత్తగా ఒక ఉద్యోగం పెడతామని రెండేళ్ళ కిందట చెప్పారు. స్టాఫ్ బాగోగులు చూడాలి, గొడవలు సర్దాలి. పగటి డ్యూటీ, ఒక బల్ల, ఒక కుర్చీ. అయితే మనస్తత్వశాస్త్రంలో పీజీ ఉన్నవాళ్ళకే ఇస్తారట. ఆంటీ మోకాళ్ళు అరిగిపోతున్నాయి. "ఉన్న కాస్త మోకాళ్ళూ ప్రార్థనకి మిగలాలమ్మా, కారిడార్లకి కాదు" అని, సోషల్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీలో దూరవిద్య ఎమ్మెస్సీకి చేరిపోయింది. పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఇక మిగిలింది థీసిస్. రంజాన్ నెల మొదలయ్యేలోగా అది యూనివర్సిటీకి చేరాలి. చేరకపోతే ఆ కుర్చీ ఇంకెవరిదో అవుతుంది.

థీసిస్ అంశం మౌనం. పనిచోట తప్పు కళ్ళకి కనిపిస్తున్నా, అన్యాయం జరుగుతున్నా, మనుషులు నోరెందుకు మెదపరు? నర్సులైతే మరీ ఎందుకు మెదపరు? ఇదీ ప్రశ్న.

చదువు ఒంటపట్టిన కొద్దీ ఆంటీకి కనపడినవాటన్నిటికీ పేర్లు పెట్టే అలవాటు పట్టుకుంది. మా చర్చి సంఘ కార్యదర్శి మోజెస్ అన్న, పిక్నిక్ ఎక్కడికని అడిగితే అందరూ మళ్ళీ అదే బీచ్ పేరు చెప్పారని వాపోయాడు. "అది గ్రూప్‌థింక్ తమ్ముడూ" అంది. మా అమ్మ, కొత్త వాచ్‌మన్ ముఖం చూస్తేనే దొంగలా ఉన్నాడంది. దానికీ ఒక పేరు చెప్పింది. వార్డులో కెజియా అనే చిన్న నర్సు, రోస్టర్‌లో ఎప్పుడూ తనకే శుక్రవారం డ్యూటీ పడుతోందని చెప్పబోతే, మాట పూర్తికాకముందే "కన్ఫర్మేషన్ బయాస్" అనేసిందట, అంటే ముందే అనుకున్నదే ఎక్కడ చూసినా కనపడటం. కెజియా "అవునా సిస్టర్" అని వెళ్ళిపోయింది. ఆంటీ ఆ సంగతి మాకు చెప్పి, ఎంత బాగా కుదిరిందో చూశారా అన్నట్టు చూసింది.

థీసిస్ కోసం నర్సుల్ని అడగబోయే ప్రశ్నల్ని తెలుగులో పెట్టే పని నాకు అప్పజెప్పింది. నేను కష్టపడి, రాత్రీ పగలూ నిఘంటువు తిరగేసి, 'ఆర్గనైజేషనల్ కమిట్‌మెంట్'ని 'సంస్థాగత నిబద్ధత' అని రాసుకెళ్ళాను. ఆంటీ స్నేహితురాలు సూసన్ ఆంటీ, అక్కడే కూర్చుని బటాణీలు ఒలుస్తూ, ఆ కాగితం తీసుకుని చదివింది. ఆమెది పాలకొల్లు, ఆంటీ పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు.

"సంస్థాగత నిబద్ధత. ఇది ఎన్నాళ్ళు ఉంటదమ్మా? మందులేసుకుంటే తగ్గుద్దా?"

"జబ్బు కాదే, మన ఆసుపత్రి మీద నీకుండే ప్రేమ" అంది ఆంటీ.

"ఆసుపత్రి మీద ప్రేమేంటి దీవెనమ్మా! జీతం పడతంది, చేస్తన్నాం. అంతే రాసుకో."

ఆ ప్రశ్న కొట్టేశాం.

ఘాలా చర్చి ఆవరణలో శుక్రవారం మా తెలుగు ఆరాధన జరుగుతుంది. ఆరాధన అయ్యాక పక్క గదిలో నర్సులందరినీ కూర్చోబెట్టి, ప్రశ్నలు అడిగి మాట్లాడించాలని ఆంటీ ప్లాను. పుస్తకంలో దీని పేరు ఫోకస్ గ్రూపు. మోజెస్ అన్నకి అది మైకులో చెప్పడానికి బాగోలేదు.

"ఆరాధన అనంతరం పక్క గదిలో దీవెనమ్మక్క గారి చదువు నిమిత్తం ప్రత్యేక కూడిక జరుగును. నర్సు సహోదరీలందరూ తప్పక హాజరు కావాలి. సమోసాలు కలవు" అని ప్రకటించాడు.

కూడిక అన్నాడు, అంటే మావాళ్ళకి ప్రార్థన సభే. అక్కడే అంతా అయిపోయింది.

నర్సులు నెత్తిన కొంగులు సర్దుకుని, బైబిళ్ళు ఒళ్ళో పెట్టుకుని గుండ్రంగా కూర్చున్నారు. కెజియాకి ఆ శుక్రవారమూ డ్యూటీయే, రాలేదు. ఆంటీ అందరి చేతా అనుమతి కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. నేను మూలన కూర్చుని రాసుకుంటున్నాను. ఆంటీ గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న చదివింది.

"మీ పైవాళ్ళు చేసింది తప్పని తెలిసీ మీరు మాట్లాడకుండా ఊరుకున్న సందర్భం ఒకటి చెప్పండి."

సూసన్ ఆంటీ లేచి నిలబడింది. కూర్చుని మాట్లాడమని ఆంటీ చేత్తో సైగ చేసింది. కూర్చోలేదు.

"ప్రభువు నామానికి స్తోత్రం కలుగును గాక. ఇక్కడ కూడుకున్న మీ అందరికీ నా వందనాలండి. పోయినేడు మా ఇన్‌ఛార్జ్ నా లీవు కొట్టేసిందండి. మా చెల్లి పెళ్ళి. ఒక్క మాట అనలేదు నేను. ఇంటికెళ్ళి మోకరించాను. వారం తిరక్కుండా ఆవిడకే వేరే బ్రాంచికి బదిలీ వచ్చిందండి!"

"ఆమెన్!" అంది గది మొత్తం.

"అది కాదే," అంది ఆంటీ, "మాట్లాడకుండా ఎందుకు ఊరుకున్నావు?"

"దేవుడు మాట్లాడతాడని."

"స్తోత్రం!" అన్నారు మిగతావాళ్ళు.

ఇక వరసగా అందరూ లేచారు. ఒకావిడకి సూపర్‌వైజర్ చేసిన అవమానం, ఆ పైన విడుదల. ఇంకొకావిడకి ఇక్కడి నివాస కార్డు బతాకా రెన్యువల్ ఆగిపోవడం, ఆ పైన ముదీర్, అదే మేనేజరు, మనసు మారి సంతకం పెట్టేయడం. ప్రతి కథలోనూ కష్టం ఒక్క వాక్యం, గెలుపు పది వాక్యాలు. ఆంటీ మధ్యలో దూరి "అప్పుడు మీకెలా అనిపించింది?" అని అడిగితే "సమాధానంగా ఉందండి" అన్నారు అందరూ, మనశ్శాంతికి మా చర్చి మాట అది, ఒకేలాగా. ఆఖర్న ఎవరో పాట అందుకున్నారు. ఆంటీ కూడా పాడింది, పాడకుండా ఎలా ఉంటుంది? సమోసాలు అయిపోయాయి.

రాసుకున్నదంతా శుభ్రంగా టైపు చేయించుకుని, ఆంటీ నన్ను తోడు తీసుకుని నిజ్వా బయల్దేరింది. థీసిస్ గైడ్ సఫూరా మేడమ్ అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతారు. కడప మనిషి. బుర్జ్ అల్ సహ్వా దగ్గర బస్సెక్కితే, కొండల మధ్య ఒక నిద్ర తీసేంత దారి. ఆంటీ నిద్రపోలేదు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, బానే ఉంది కదా, బానే ఉంది కదా అని నన్ను అడుగుతూనే ఉంది. నేను ప్రతిసారీ తలూపాను.

సఫూరా మేడమ్ చదవడం మొదలుపెట్టారు. మొదట కళ్ళజోడు సవరించుకున్నారు. తరవాత తీసేసి తుడుచుకున్నారు. ఆమె నవ్వుతున్నారని అర్థం కావడానికి మాకు కొంచెం సేపు పట్టింది.

"అరె దీవెనమ్మా, ఏందమ్మా ఇది? ఫోకస్ గ్రూప్ చేసుకొని రమ్మంటే, సువార్త సభ పెట్టుకొని వచ్చినావే!"

"అదేంటి మేడమ్, అందరూ మాట్లాడారు కదండీ. ఒక్కళ్ళు కూడా మౌనంగా లేరు."

"అదే సమస్య. నీ సబ్జెక్టేంది? మౌనం. ఈళ్ళు సూడు, మైకు ఇడిసిపెట్టినారా? అయినా ఒక్కరన్నా ఇప్పుడు ఉండే బాధ చెప్పినారా? అన్నీ అయిపోయిన బాధలే. తీరిపోయినవే. తీరని బాధ యాడుంది?" మేడమ్ కాగితాలు పక్కనపెట్టారు. "సరే, నువ్వే చెప్పు. మీ వాళ్ళు తీరని బాధ యాడ చెప్పుకుంటారు?"

ఆంటీ ఆలోచించింది. తర్వాత నెమ్మదిగా అంది:

"ప్రార్థన అవసరతల్లోనండి."

"అంటే?"

"సాక్ష్యం అంటే అయిపోయింది నిలబడి చెప్పేదండి. అవసరత అంటే ఇంకా అవ్వంది. కళ్ళు మూసుకుని చెప్తారు. అందరూ కలిసి దాని గురించి ప్రార్థన చేస్తారు."

మేడమ్ ముందుకు వంగారు. "యా అల్లా, అదే కావాల్సింది. కానీ ఇను. దేవునికి చెప్పుకునే మాట అది. అనుమతి లేకుండా ఒక్క అక్షరం రాసుకోగూడదు. అడుగు. ఇస్తే రాసుకో. ఈకపోతే..." ఆమె క్యాలెండర్ వైపు చూశారు. మేమూ చూశాం. రంజాన్ దగ్గరికొచ్చేసింది.

తిరుగు బస్సులో ఆంటీ నన్నేమీ అడగలేదు.

తర్వాతి శుక్రవారం, అవసరతలు చెప్పుకునే వేళ, ఆంటీ గదిలో వెనకాల గోడవారగా కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "పుస్తకం తెరవకు. ముందు విందాం, తర్వాత అడుగుదాం" అంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నిజంగానే వేరే మనుషుల్లా మాట్లాడారు. బదిలీ కథ చెప్పిన సూసన్ ఆంటీ, కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జ్ తన చేతిలో ఫైలు లాగి బల్ల మీద విసురుతుందని, అది ఇంట్లో చెప్పలేదని చెప్పి ఏడ్చింది. ఒకావిడ, డాక్టరు రాసిన మోతాదు తప్పని తెలిసి కూడా నేరుగా అనలేక, "ఒకసారి చూస్తారా" అని మూడు రకాలుగా తిప్పి చెప్పానంది. ఆంటీ వేళ్ళు ఒళ్ళో ఉన్న పెన్ను చుట్టూ బిగుసుకున్నాయి. నిజ్వా దాకా వెళ్ళి వెతికిందంతా ఎదురుగా ఉంది, ముట్టుకోవడానికి లేదు.

అప్పుడు కెజియా వచ్చింది. డ్యూటీ దిగి పరుగున వచ్చినట్టుంది, యూనిఫారం మీద చున్నీ వేసుకుని, మా ముందు వరసలో కూలబడి వెంటనే కళ్ళు మూసుకుంది. వెనక ఎవరున్నారో చూసుకోలేదు.

"ప్రభువా," అంది కెజియా, "మా వార్డులో ఒక పెద్ద సిస్టర్ గారు ఉన్నారు. మంచావిడే ప్రభువా. ఆవిడ పేరు నేను చెప్పను. ఆవిడ పేరులోనే నీ ఆశీర్వాదం ఉంది."

గదిలో చాలా కళ్ళు తెరుచుకున్నాయి. అన్నీ గోడవారకి తిరిగి, గబగబా మళ్ళీ మూసుకున్నాయి.

"నేను ఏ కష్టం చెప్పుకోబోయినా ఆవిడ దానికో ఇంగ్లీషు పేరు పెట్టేస్తారు ప్రభువా. పేరు పెట్టాక ఇంక చెప్పడానికి ఏమీ మిగలదు. నాకేదో జబ్బున్నట్టు ఉంటది. అందుకని మాట్లాడటమే మానేశాను. నిన్న ఇంజక్షన్ ట్రేలో తేడా కనపడితే కూడా, ఆవిడకి చెప్పాల్సొస్తుందని, ఎవరికీ చెప్పకుండా నేనే సరిచేసేశాను. అది తప్పని నాకు తెలుసు. ఆవిడ నోరు కట్టు తండ్రీ. లేదంటే నా నోరు తెరువు."

ఎవరో దగ్గారు. సూసన్ ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఏడుపు కాదు.

ఆ ప్రార్థన అవగానే అందరూ ఆమెన్ అనాలి. ఒక క్షణం ఎవరూ అనలేదు. మొదట అన్నది మా ఆంటీ, చిన్న గొంతుతో. ఆ గొంతు విని కెజియా భుజాలు చెవుల దాకా లేచాయి.

ఆ రోజు ఆంటీ ఎవరినీ అనుమతి అడగలేదు. ఇంటికొచ్చాక మాత్రం అంకుల్‌ని అడిగింది. "ఏవండీ, నేను అందరికీ పేర్లు పెడతానా?"

అంకుల్ ఆవిడ ముఖం చూసి, తనకి వచ్చిన అవకాశాన్ని వదులుకున్నాడు. "కొంచెం," అన్నాడు. "అప్పుడప్పుడూ." తర్వాత ఉండబట్టలేక, "రోజూ" అన్నాడు.

ఆదివారం సాయంత్రం ఆంటీ నన్ను వెంటబెట్టుకుని నర్సుల క్వార్టర్స్‌కి వెళ్ళింది. కెజియా యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. మమ్మల్ని చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టేసింది.

"శుక్రవారం నేను నీ వెనకాలే కూర్చున్నానే" అంది ఆంటీ.

"తెలుసాంటీ. ఆమెన్ అన్నప్పుడు తెలిసింది. అప్పట్నుంచీ సిక్ లీవు పెడదామా, ఉద్యోగం మానేద్దామా అని చూస్తన్నా."

"నిన్ను తిట్టడానికి రాలేదు. అడగడానికి వచ్చా. నువ్వు దేవుడికి చెప్పుకున్నది నాది కాదు. కానీ నేను రెండేళ్ళు చదివింది మొత్తం నీ ప్రార్థనలో ఉంది. రాసుకోమంటే రాసుకుంటా. వద్దంటే ఈ గుమ్మంలోనే వదిలేస్తా."

"వదిలేస్తే మీ థీసిస్సు?"

"ఈసారికి ఉండదు."

కెజియా ఇస్త్రీ బట్ట అంచు మడతపెట్టింది, విప్పింది. ఆ మౌనం సాగేకొద్దీ ఆంటీ పెదవులు కదలడం నేను చూశాను. ఏదో పేరు గొంతు దాకా వచ్చింది. ఆంటీ నోరు గట్టిగా మూసుకుంది. ముఖం ఎర్రబడింది. కెజియా అది చూసి ఫక్కున నవ్వేసింది.

"ఇప్పుడు ఏం పేరు పెట్టబోయారు?"

"ఏం లేదు."

"చెప్పండాంటీ!"

"చెప్పను."

"ఇంకెప్పుడూ పెట్టరా? ఒట్టా?"

"ఒట్టు మనకి కూడదు కదే. ప్రయత్నం చేస్తా."

"అయితే రాసుకోండి. కానీ 'నోరు కట్టు' అని రాయొద్దు. మర్యాదగా ఉండదు."

"కట్టమనేగా అడిగావు!"

"దేవుడి దగ్గర చనువుంది కాబట్టి అడిగా. యూనివర్సిటీతో నాకేం చనువు?"

ఆ వాక్యం ఎలా రాయాలన్న దగ్గర మొదలై, చాలాసేపు అక్కడే కూర్చున్నాం. 'పెద్ద సిస్టర్' అనాలా, 'సీనియర్ సిస్టర్' అనాలా? ట్రే సంగతి ఎంతవరకు చెప్పాలి? దాన్ని రాయడమే కాదు, వార్డు రిజిస్టర్లో కూడా ఎక్కించాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎక్కించేటప్పుడు తాను పక్కన నిలబడతానని ఆంటీ మాటిచ్చింది. అలా దిద్దుతూ దిద్దుతూ కెజియా మిగతావన్నీ చెప్పేసింది. రోస్టర్ ఎవరు మారుస్తారు, ఎవరి ఫోను వస్తే మారుస్తారు, వార్డులో తనతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్కరే ఉంటే ఆ ఒక్కరంటేనే ఎందుకు భయం వేస్తుంది. నా పెన్ను పరిగెత్తింది. ఆంటీ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఒకటి రెండుచోట్ల చేత్తో నోరు మూసుకుంది, అంతే.

మర్నాడు సూసన్ ఆంటీ తలుపు కొట్టకుండానే లోపలికొచ్చింది.

"కెజియాది రాసుకున్నావంటగా?"

"నీకెవరు చెప్పారు?"

"క్వార్టర్స్ అంతా అదే మాట. నిన్న గాక మొన్న వచ్చిన పిల్లది రాసుకుంటావు, ఇన్నేళ్ళ నుంచి నీ పక్కన టిఫిన్ విప్పుతున్నదాన్ని, నాది రాసుకోవా?"

"నువ్వు సాక్ష్యం చెప్పేశావు కదే, బదిలీ అయ్యిందని!"

"ఆయ్, అది పదిమంది ముందు. ఇది వేరు. ఫైలు సంగతి రాసుకో. విసిరేటప్పుడు ఆవిడ నా ముఖం చూడదు, అది కూడా రాసుకో."

సూసన్ ఆంటీ చెప్పిందని ఇంకొకావిడ వచ్చింది. ఆవిడ వచ్చిందని ఇంకొకరు. ఒక్కొక్కరుగా, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, ఎవరూ లేచి నిలబడకుండా, ఎవరూ ఆమెన్ అనకుండా చెప్పారు. తన పేరు మార్చి పెట్టినా, పాలకొల్లు అన్నది మాత్రం ఉంచమని సూసన్ ఆంటీ పట్టుబట్టింది. ఉంచకూడదని సఫూరా మేడమ్ ఫోనులో పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. ఆంటీ రంజాన్ చంద్రుడు కనిపించడానికి ముందే థీసిస్ పంపేసింది. అందులో ఒక అధ్యాయం, గుంపులో మనవాళ్ళు తీరిన బాధే ఎందుకు చెబుతారన్నది. ఇంకొకటి, వార్డులో ఒక పెద్ద సిస్టర్ ఉండటం వల్ల ఎన్ని నోళ్ళు మూతబడ్డాయన్నది. రెండోది రాయడానికి ఆంటీ మొదటిదానికన్నా మూడింతలు తిప్పలు పడింది.

రంజాన్ పండగ తర్వాత ఆన్‌లైన్‌లో వైవా. పక్క గదిలో అంకుల్, నేను, సెలవు పెట్టి వచ్చిన కెజియా, గోడకి చెవులు ఆనించి నిలబడ్డాం. పరీక్షకుడి గొంతు బొంగురుగా వినిపిస్తోంది. చాలా ప్రశ్నలు అడిగాడు. ఆంటీ తడబడింది, తేరుకుంది. చివర్న ఆయన కాగితాలు తిరగేసిన చప్పుడయింది.

"మేడమ్, మీ పరిశోధనలో ఆ సీనియర్ సిస్టర్ చాలా ముఖ్యమైన మనిషి. అందరూ ఆమె గురించి మాట్లాడారు. మరి ఆమెని ఇంటర్వ్యూ చేశారా?"

పక్క గదిలో కెజియా గభాల్న నా వైపు తిరిగింది.

"చేశానండి," అంది దీవెనమ్మ ఆంటీ. "అందరికన్నా ఆవిడ చేత చెప్పించడమే కష్టమైందండి. ముందంతా వేరేవాళ్ళ గురించే చెప్పింది."

"ఏమన్నారు?" అన్నాడు అంకుల్ గుసగుసగా. "పాసేనా?"

"ఆయన నవ్వుతున్నాడంకుల్" అంది కెజియా.